రక్షణానందం: ముందు వార్త, తర్వాతే ఆనందం

"నీ రక్షణానందము నాకు మరల పుట్టించుము." 51వ కీర్తనలోని 12వ వచనం ఇది. ఉపవాస కూటాల్లోనూ, ప్రభువు బల్లకు ముందు చేసే ఒప్పుకోలులోనూ తెలుగు సంఘాల్లో ఎన్నోసార్లు వినబడే ప్రార్థన. రక్షణ, ఆనందం అనే రెండు మాటలు సంధి కలిసి ఒకటైపోవడం వల్ల ఇందులోని ఒక సంగతి చెవికి ఆనదు. దావీదు ఇక్కడ అడుగుతున్నది రక్షణను కాదు, దాని ఆనందాన్ని. ఆ రక్షణనైనా "నాది" అనడం లేదు, "నీది" అంటున్నాడు. దేవుని చేతిలో ఉన్నదొకటి, తన మనసులోంచి జారిపోయినది ఇంకొకటి. దీని ముందు వచనంలోనే "నీ పరిశుద్ధాత్మను నాయొద్దనుండి తీసివేయకుము" అనే భయం కూడా ఉంది కాబట్టి, పోయినదాన్ని దావీదు తేలిగ్గా తీసుకున్నాడని అనుకోనక్కరలేదు. అయినా ఆ రెండూ ఒకటి కావన్నది మాత్రం ప్రార్థనలోనే తేలిపోతోంది.

క్రైస్తవ సందేశంలో ఆనందం గురించి పుట్టే గందరగోళంలో చాలా భాగం ఈ రెంటినీ ఒకటిగా చూడటం వల్ల వచ్చేదే. "రక్షణ పొందినవాడికి సంతోషం ఉండాలి" అన్న మాట కొన్నాళ్లకు "సంతోషం లేదంటే రక్షణ లేనట్టే" అన్న మాటగా మారిపోతుంది. మొదటిది బైబిలు చెప్పే మాటే. రెండోది వరుస తలకిందులైన మాట.

వరుస ఇది: మొదట ఒక సంఘటన జరిగింది, క్రీస్తు మరణ పునరుత్థానాలు. ఆ సంఘటన వార్తగా చేరింది. వార్తను విన్నవాడు నమ్మాడు. నమ్మినవాడిలో ఆనందం పుట్టింది. ఆనందం చివర వస్తుంది. చివర వచ్చేదాన్ని మొదటిదానికి పునాదిగా వేయబోతే గోడ నిలవదు.

కొలస్సయులకు రాసిన పత్రిక 2:14లో ఇందుకు సరిగ్గా సరిపోయే పోలిక ఉంది. మనమీద "ఋణముగాను" ఉన్న పత్రాన్ని దేవుడు మేకులతో సిలువకు కొట్టాడంటాడు పౌలు. అక్కడి గ్రీకు మాట ఖైరోగ్రాఫోన్. అప్పు తీసుకున్నవాడు తన చేత్తో రాసిచ్చిన కాగితం అని అర్థం. మన ఊళ్ల భాషలో ప్రోనోటు. ఒక రైతు ప్రోనోటును ఎవరో సోమవారం డబ్బు కట్టి చింపేశారనుకుందాం. ఆ కబురు అతనికి గురువారం అందింది. సోమవారం నుంచి గురువారం దాకా అప్పు లేదు, బెంగ మాత్రం ఉంది. గురువారం ఊపిరి పీల్చుకుని నవ్వాడు. నవ్వు వల్ల అప్పు తీరలేదు, తీరిందని తెలిసి నవ్వు వచ్చింది. శనివారం ఇంట్లో ఎవరికో జ్వరం వచ్చి మళ్లీ దిగులుపడితే చినిగిన ప్రోనోటు అతుక్కోదు. రక్షణకూ ఆనందానికీ మధ్య ఉన్న సంబంధం ఇదే.

సువార్త అంటే కబురే

సువార్త అనే మాట మనకు మతపరమైన మాటగానే చెవిన పడుతుంది. మొదటి శతాబ్దంలో అలా కాదు. ఇప్పటి తుర్కియే పశ్చిమ భాగంలోని ప్రియేనే నగర శిథిలాల్లో క్రీ.పూ. 9 నాటి శాసనం ఒకటి దొరికింది. ఔగుస్తు చక్రవర్తి పుట్టినరోజు లోకానికి "సువార్తల" ఆరంభమని, ఇకమీదట ఆ రోజునుంచే సంవత్సరం లెక్క మొదలుపెట్టాలని ఆసియా ప్రాంతపు నగరాలు చేసుకున్న తీర్మానం అది. యుద్ధంలో గెలిచాం, రాజుకు కొడుకు పుట్టాడు, కొత్త రాజు పట్టానికి వచ్చాడు లాంటి బహిరంగ ప్రకటనలకు వాడే మాట.

లూకా సువార్త రెండో అధ్యాయం ఇదే ఔగుస్తు పేరుతో మొదలవుతుంది. పదో వచనంలో దూత గొర్రెల కాపరులతో "మహా సంతోషకరమైన సువర్తమానము" తెచ్చానంటాడు. చక్రవర్తి పేరు ఎత్తి, ఆ చక్రవర్తికి వాడిన మాటనే పశువుల తొట్టిలో పడుకున్న పసివాడికి తగిలించడం యాదృచ్ఛికం అనుకోలేం. ఆ కాపరులు ఆ సంతోషం కోసం చేసిందేమీ లేదు. రాత్రివేళ మందను కాచుకుంటున్నారు, కబురు వచ్చింది, వెళ్లి చూశారు.

మార్టిన్ లూథర్ 1522లో జర్మన్ భాషలో కొత్త నిబంధన ప్రచురించినప్పుడు ముందుమాటలో దీన్నే పట్టుకున్నాడు. సువార్త అంటే జనం పాడుకునే, చెప్పుకునే, సంతోషించే మంచి కబురని చెప్పి, దావీదు గొల్యాతును పడగొట్టాడన్న కబురుతో పోల్చాడు. గొల్యాతును పడగొట్టడానికి ఇశ్రాయేలు సైన్యం కత్తి దూయలేదు. పోరాడింది ఒక్కడు, కేకలు వేసి సంతోషించింది అందరూ.

మంచి సలహాకూ మంచి వార్తకూ తేడా ఇక్కడే తెలుస్తుంది. సలహా విన్నవాడు ఇక చేయాల్సిన పనిని తలుచుకుంటాడు, వార్త విన్నవాడు జరిగిపోయినదాన్ని తలుచుకుంటాడు. ఆదివారం ప్రసంగం మొత్తం "మీరు ఇలా చేయాలి, అలా ఉండాలి" అని సాగి, చివర "కాబట్టి సంతోషించండి" అంటే వినేవాళ్లు ఎందుకు సంతోషించాలో తెలియక దిక్కులు చూస్తారు. తప్పు వాళ్లది కాదు. వాళ్లకు అందింది సలహా.

తెలుగు బైబిల్లో దాగిన కొన్ని ముడులు

గ్రీకులో సంతోషానికి ఖరా, కృపకు ఖారిస్. రెంటికీ ఒకే ధాతువు. మరియతో గబ్రియేలు అన్న మొదటి మాట ఖైరే. వాడుకలో అది నమస్కారం లాంటి పలకరింపు, అక్షరార్థం "సంతోషించు". ఆ వెంటనే "దయాప్రాప్తురాలా" అని మనం చదువుకునే మాట ఖారిస్ నుంచి వచ్చింది. గ్రీకు వినేవాడి చెవిలో సంతోషమూ కృపా ఒకే గంట రెండుసార్లు మోగినట్టు వినిపిస్తాయి. తెలుగులో "నీకు శుభము" అన్నప్పుడు ఆ చుట్టరికం కనబడదు. అనువాదకుల లోపం కాదు, తెలుగులో సంతోషం, కృప వేర్వేరు ఇళ్ల పిల్లలు.

యాకోబు పత్రికలో ఇలాంటిదే ఇంకొకటి. మొదటి వచనం "శుభమని చెప్పి వ్రాయునది" అని ముగుస్తుంది, గ్రీకులో అది ఖైరెయిన్. రెండో వచనం వెంటనే ఖరా అనే మాట ఎత్తుకుని, శోధనల్లో పడినప్పుడు "అది మహానందమని యెంచుకొనుడి" అంటుంది. పలకరింపులోని సంతోషాన్నే పట్టుకుని ఉత్తరం నడిచింది.

ఆ "ఎంచుకొనుడి" దగ్గర ఈ తరం పాఠకులు తరచుగా పొరబడతారు. ఇప్పుడు ఎంచుకోవడం అంటే కొన్నింటిలోంచి ఒకటి తీసుకోవడం. కష్టాలను కోరి తెచ్చుకోమంటున్నట్టు వినిపిస్తుంది. పాత తెలుగులో ఎంచడం అంటే లెక్కవేయడం, ఫలానాదిగా భావించడం. "తప్పులెన్నువారు" అన్నప్పటి అర్థానికి దగ్గర. యాకోబు చెబుతున్నది నొప్పి తెలియనట్టు నటించమని కాదు. ఈ నష్టాన్ని ఖాతాలో ఏ పద్దు కింద రాయాలో చెబుతున్నాడు. కారణం కూడా అక్కడే ఇచ్చాడు: విశ్వాసానికి కలిగే పరీక్ష ఓర్పును పుట్టిస్తుందని మీకు తెలుసు గనుక. అంటే ఇక్కడి ఆనందం తెలిసినదాని మీద వేసిన లెక్క. కళ్లలో నీళ్లు ఉండగా కూడా ఆ లెక్క వేయవచ్చు.

ఆనందం అనే మాటకు తెలుగులో ఇంకో బరువుంది. తైత్తిరీయోపనిషత్తులోని ఆనందవల్లి ఒక ఆరోగ్యవంతుడైన, చదువుకున్న, భూమి నిండా సంపద ఉన్న యువకుడి ఆనందాన్ని ఒక కొలతగా తీసుకుని, దాన్ని మెట్టు మెట్టుకూ వందరెట్లు చేసుకుంటూ బ్రహ్మానందం దాకా వెళుతుంది. వేదాంతంలో ఆనందం బ్రహ్మ స్వరూపం. కొత్తగా వచ్చేది కాదు, అజ్ఞానం తొలగితే తెలిసేది. బెంగాలీ క్రైస్తవ చింతకుడు బ్రహ్మబాంధవ ఉపాధ్యాయ 1898లో త్రిత్వాన్ని (తండ్రి, కుమార, పరిశుద్ధాత్మలను) సచ్చిదానందంగా స్తుతిస్తూ సంస్కృతంలో గీతం రాశాడు. ఆ ప్రయత్నం అందమైనదే, పరిశుద్ధాత్మను ఆనందంతో ముడిపెట్టడంలో లోతు కూడా ఉంది. కానీ తేడా చెరిపేయకూడదు. క్రైస్తవ సందేశంలోని ఆనందానికి తేదీ, స్థలం ఉన్నాయి: పొంతి పిలాతు అధికారంలో, యెరూషలేము గోడ బయట జరిగినదాని మీద అది నిలబడుతుంది. లోపలికి తిరిగి చూసుకుంటే దొరికేది కాదు, బయటినుంచి ఎవరో వచ్చి చెబితే తెలిసేది. బైబిలు అనువాదకులు ఆనందం అనే మాట తీసుకున్నప్పుడు దాని పాత సుగంధం కూడా వెంట వచ్చింది. అందుకే ధ్యానంలో కుదిరే ప్రశాంతతనే రక్షణానందం అనుకునే విశ్వాసులు మన దగ్గర తక్కువేమీ కాదు.

మూడు కాలాలు, మూడు కారణాలు

రక్షణ అనే మాటను పౌలు మూడు కాలాల్లోనూ వాడతాడు. రక్షింపబడ్డాం, రక్షింపబడుతున్నాం, రక్షింపబడతాం. నీతిమంతులుగా తీర్చబడటం జరిగిపోయినది, పరిశుద్ధపరచబడటం నడుస్తున్నది, మహిమపరచబడటం రాబోయేది. రోమా పత్రిక 5:1-11 ఈ మూడింటినీ ఒకే చోట ఆనందంతో ముడివేస్తుంది.

అక్కడ ఒకే గ్రీకు క్రియ మూడుసార్లు వస్తుంది. రెండో వచనంలో దేవుని మహిమను గూర్చిన నిరీక్షణను (గట్టి ఆశను) బట్టి, మూడో వచనంలో శ్రమలలో, పదకొండో వచనంలో దేవునిలోనే. 1611 నాటి కింగ్ జేమ్స్ ఇంగ్లిషు బైబిలు మూడుచోట్ల మూడు వేర్వేరు మాటలు వేసి ఆ దారాన్ని తెంపేసింది. తెలుగు బైబిలు మూడుచోట్లా "అతిశయపడు" అనే మాటనే నిలబెట్టింది. బయటివాళ్లకు అతిశయం అంటే పొగరు వాసన వేస్తుంది గానీ, సంఘ భాషలో అది తల ఎత్తుకుని నిలబడే సంతోషం. అది ఇక్కడ సరైన మాట.

ఆ వరుసలో ఒక మెట్లదారి ఉంది: శ్రమ ఓర్పును, ఓర్పు పరీక్షకు నిలిచిన గుణాన్ని, ఆ గుణం నిరీక్షణను పుట్టిస్తాయి. శ్రమ నేరుగా ఆనందాన్ని పుట్టిస్తుందని పౌలు ఎక్కడా అనలేదు. మధ్యలో మెట్లున్నాయి, వాటికి కాలం పడుతుంది. నిన్న ఆసుపత్రినుంచి వచ్చిన కుటుంబాన్ని ఈరోజే "శ్రమలో ఆనందించండి" అని తొందరపెట్టేవాళ్లు ఆ మెట్లు దూకమంటున్నారు.

మూడు కాలాల్లో ఏదో ఒకదాన్నే పట్టుకుంటే ఆనందం ఒక్కో రకంగా వంకరపోతుంది. జరిగినదాన్నే పట్టుకున్నవాడు రక్షణ పొందిన తేదీ చెప్పుకుంటూ, పాతికేళ్ల కిందటి సాక్ష్యాన్నే మళ్లీ మళ్లీ వినిపిస్తుంటాడు, ఈ వారం చెప్పడానికి ఏమీ ఉండదు. నడుస్తున్నదాన్నే పట్టుకుంటే ఇల్లు, ఉద్యోగం, వీసా, స్వస్థత ఇవే ఆనందానికి కారణాలవుతాయి. అవి రానివాడు విశ్వాసంలో లోపమున్నవాడిగా ముద్రపడతాడు. హబక్కూకు 3:17లో అంజూరం పూయదు, ద్రాక్ష కాయదు, ఒలీవ కాపులేదు, చేను పండదు, దొడ్డిలో గొర్రెలు లేవు, సాలలో పశువులు లేవు. ఒక వ్యవసాయ కుటుంబపు ఆస్తి మొత్తం, ఆరు పద్దుల్లో, సున్నా. ఆ తర్వాతి వచనంలోనే "నా రక్షణకర్తయైన నా దేవునియందు" సంతోషిస్తానంటాడు. ఆశీర్వాదాలే ఆనందమని బోధించేవాళ్లు ఈ వచనాన్ని పాటగా పాడిస్తారు గానీ ప్రసంగంగా విప్పి చెప్పరు. ఇక రాబోయేదాన్నే పట్టుకున్నవాడికి పరలోకం తప్ప ఏదీ పట్టదు, పక్కింటి ఆకలి కనబడదు.

వెస్లీ డైరీలో ఒక రాత్రి

ఆనందాన్ని రక్షణకు రుజువుగా అడిగితే ఏమవుతుందో మెథడిస్టు ఉద్యమ స్థాపకుడు జాన్ వెస్లీ కథలో స్పష్టంగా ఉంది. 1738 మే 24, లండన్, ఆల్డర్స్‌గేట్ వీధి. రాత్రి తొమ్మిదికి పావుగంట తక్కువ. రోమా పత్రికకు లూథర్ రాసిన ముందుమాటను ఎవరో చదువుతుండగా తన హృదయం వింతగా వెచ్చబడిందని ఆయన రాసుకున్నాడు. మెథడిస్టు సంఘాల్లో ఈ వాక్యం తెలియనివాళ్లుండరు. దాని తర్వాత కొద్ది వాక్యాలకే వచ్చే మాట మాత్రం చాలామందికి తెలియదు. కాసేపటికే ఒక ఆలోచన ఆయన్ను పట్టుకుంది: ఇది విశ్వాసం అయ్యుండదు, ఏదీ నీ సంతోషం?

దానికి ఆయన చేరుకున్న జవాబు కూడా అక్కడే ఉంది. సమాధానమూ పాపంమీద విజయమూ విశ్వాసానికి విడదీయరానివి. పొంగిపొర్లే సంతోషం సంగతి వేరు. అది ఆరంభంలో తరచుగా వస్తుంది, ముఖ్యంగా లోతుగా దుఃఖించినవాళ్లకు. కానీ దేవుడు తన చిత్తాన్ని బట్టి కొన్నిసార్లు ఇస్తాడు, కొన్నిసార్లు ఆపుతాడు. ఆ తర్వాతి నెలల్లో కూడా తనలో నిలకడైన ఆనందం లేదని ఆయన రాసుకున్నాడు. విశ్వాసాన్ని మళ్లీ రగిలించే ఉజ్జీవ ఉద్యమానికి ముఖంగా నిలిచిన మనిషి పరిస్థితి ఇది.

అమెరికాలో జోనతన్ ఎడ్వర్డ్స్ ఇదే ముడిని అటువైపునుంచి విప్పాడు. మసాచుసెట్స్‌లోని నార్తాంప్టన్‌లో పెద్ద ఉజ్జీవం రావడం, చల్లారిపోవడం రెండూ చూసిన సంఘ కాపరి. 1746లో ప్రచురించిన గ్రంథంలో, ఇవి ఉన్నంత మాత్రాన విశ్వాసం నిజమనీ రుజువు కాదు, నిజం కాదనీ రుజువు కాదు అంటూ పన్నెండు సంగతులు చెప్పాడు. ఉద్రేకం ఎక్కువగా ఉండటం, ఒళ్లు వణకడం, దేవుని గురించి ధారాళంగా మాట్లాడటం, ఆరాధనలో గంటల తరబడి గడపడం, నోరారా స్తుతించడం, తాను రక్షణ పొందానన్న గట్టి ధీమా, అన్నీ ఆ పట్టికలో ఉన్నాయి. నిజమైన గుర్తులు మరో పన్నెండు చెప్పాడు. వాటిలో చివరిది, అన్నిటికంటే ఎక్కువ పుటలు తీసుకున్నది, రోజువారీ నడవడి.

ఎడ్వర్డ్స్ కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. విత్తువాని ఉపమానంలో రాతినేల మీద పడ్డ విత్తనం వాక్యాన్ని "వెంటనే సంతోషముతో" అంగీకరిస్తుంది. మత్తయి 13లో నాలుగు రకాల నేలల్లో సంతోషం అనే మాట వచ్చేది ఆ ఒక్కదానికే. మంచి నేలకు చెప్పింది "గ్రహించడం". సంతోషం తప్పని కాదు, వేరు లేదు. రాతిమీద పలచని మట్టి త్వరగా వేడెక్కుతుంది, మొలక ముందుగా లేస్తుంది, ఎండకు ముందుగా మాడుతుంది. మూడు రాత్రుల ఉజ్జీవ సభల్లో చేతులెత్తినవాళ్లను మర్నాడే లెక్కవేసి ప్రకటించేవాళ్లు ఆరు నెలలాగి లెక్కపెట్టడం ఈ ఉపమానానికి తగిన పద్ధతి.

ఈ విషయంలో సంఘ శాఖల మధ్య నిజమైన భేదం ఉంది. 1547లో కతోలిక సంఘపు ట్రెంట్ మహాసభ, ఎవరూ తాను కృపలో ఉన్నానని తప్పుపోని నిశ్చయతతో చెప్పలేరని తీర్మానించింది. కాబట్టి కతోలిక విశ్వాసి ఆనందం నిరీక్షణ మీద నిలుస్తుంది. సంస్కరణవాద సంఘాలు నిశ్చయత సాధ్యమని అన్నాయి. అయితే 1646 నాటి వెస్ట్‌మిన్‌స్టర్ విశ్వాస ప్రకటన 18వ అధ్యాయం, ఆ నిశ్చయత విశ్వాసపు సారంలో భాగం కాదని, నిజమైన విశ్వాసి దానికోసం చాలాకాలం ఎదురుచూడాల్సి రావచ్చని ఒప్పుకుంది. రెండు వైపులా ఒప్పుకున్నది ఒకటే: ఈ రోజు నా మనసు ఎలా ఉందన్నది కొలబద్ద కాదు. సంఘంలో ఎవరినైనా "నీకు సంతోషం ఉందా" అని అడిగితే వాళ్లు తమ లోపలికి చూసుకుంటారు. "ఎవరిమీద ఆనుకున్నావు" అని అడిగితే క్రీస్తువైపు చూస్తారు. కాపరులు అడగాల్సింది రెండోది.

ఏడుపు పక్కనే

ఫిలిప్పీ పత్రికలో నాలుగు అధ్యాయాలు, 104 వచనాలు. గ్రీకులో సంతోషం, దానితో కలిసిన క్రియలు అన్నీ లెక్కిస్తే పదహారుసార్లు వస్తాయి. రాసిన పౌలు చెరసాల బంధకాల్లో ఉన్నాడు. అదే పత్రికలో, తనకు సాయం తెచ్చిన ఎపఫ్రొదితు చావు అంచుదాకా వెళ్లాడు, అతడు చనిపోయి ఉంటే తనకు "దుఃఖముమీద దుఃఖము" కలిగేదని పౌలు ఒప్పుకుంటాడు. మూడో అధ్యాయంలో ఏడుస్తూ రాస్తున్నానంటాడు. "ఎల్లప్పుడును ప్రభువునందు ఆనందించుడి" అన్న 4:4 ఏ పరిస్థితిలో వచ్చిందో రెండు వచనాలు పైకి వెళితే తెలుస్తుంది. యువొదియ, సుంటుకే అనే ఇద్దరు స్త్రీలకు పడటం లేదు, రాజీ పడమని బతిమాలుకుంటున్నాడు. క్యాలెండర్ల మీద అచ్చువేసే ఈ వచనం గొడవపడుతున్న ఒక సంఘానికి, బహువచనంలో, ఉమ్మడిగా చెప్పిన మాట.

తూర్పు సంఘ సంప్రదాయంలో దీనికి ఒక పేరే ఉంది, ఖార్మొలిపి, ఆనందదుఃఖం. సీనాయి కొండ మఠాధిపతి యోహాను క్లిమకస్ ఏడో శతాబ్దంలో ఆత్మీయ జీవితాన్ని ముప్పై మెట్ల నిచ్చెనగా వివరిస్తూ, ఏడో మెట్టును ఆనందాన్ని కనే దుఃఖానికి కేటాయించాడు. యేసు యోహాను 16లో వాడిన ప్రసవ వేదన పోలిక కూడా ఇదే. నొప్పి పోయి దాని చోటులో ఇంకెక్కడినుంచో సంతోషం రాలేదు, నొప్పే బిడ్డను కన్నది. అందుకే "మీ దుఃఖము సంతోషమగును" అన్నాడు గానీ దుఃఖం బదులు సంతోషం ఇస్తాననలేదు.

మన దగ్గర ఇది ఎక్కువగా దెబ్బతినేది భూస్థాపన కూడికల్లో. "విశ్వాసులు ఏడవకూడదు" అని ఒకరు గద్దిస్తారు, థెస్సలొనీకయుల మొదటి పత్రిక 4:13 చూపిస్తారు. ఆ వచనం నిరీక్షణ లేనివాళ్లలాగా దుఃఖపడవద్దంటుంది. దుఃఖమే వద్దనలేదు. కొద్ది నిమిషాల్లో చనిపోయిన లాజరును లేపబోతున్నానని తెలిసిన యేసు కూడా సమాధి చేరకముందే కన్నీళ్లు విడిచాడు. రోమా 12:15 ఏడ్చేవాళ్లతో ఏడవమంటుంది, వాళ్ల ఏడుపు ఆపమనదు.

ఎండిపోయినప్పుడు

ఆనందం ఎండిపోయిందని వచ్చినవాళ్లకు ఒకే మందు రాసిచ్చే అలవాటు అన్నిటికంటే హానికరం. కారణాలు వేర్వేరు, వెతికే క్రమం కూడా ఉంది.

ముందు శరీరం. మొదటి రాజులు 19లో ఏలీయా చచ్చిపోతానని ప్రార్థించి బదరీవృక్షం కింద పడుకున్నాడు. దేవదూత ప్రసంగం చేయలేదు, నిప్పులమీద కాల్చిన రొట్టె, కుండెడు నీళ్లు పెట్టింది. తిని నిద్రపోయాడు. రెండోసారి కూడా లేపి తినమంది. మాటలు, ప్రశ్నలు, మెల్లని స్వరం, అవన్నీ తర్వాత హోరేబు దగ్గర. నిద్ర, తిండి, జబ్బు, ప్రసవం తర్వాతి రోజులు, మందుల ప్రభావం, వీటిని అడగకుండా ఆత్మీయ కారణాలకు వెళ్లకూడదు. రెండు వారాలకు మించి దాదాపు రోజంతా మనసు కుంగి ఉండి, దేనిమీదా ఆసక్తి లేక, నిద్ర, ఆకలి, ఏకాగ్రత చెదిరిపోతే అది డాక్టరు చూడాల్సిన జబ్బు కావచ్చు. చనిపోవాలన్న మాట నోటినుంచి వస్తే రెండు వారాలు లెక్కపెట్టకూడదు, అప్పటికప్పుడే సాయం పిలవాలి. కేంద్ర ప్రభుత్వపు టెలి మానస్ నంబరు 14416 తెలుగులోనూ పలుకుతుంది. ఇలాంటివాళ్లతో "నీ విశ్వాసం తగ్గింది" అనడం కాలు విరిగినవాణ్ణి నడవలేదని తిట్టడం లాంటిది.

తర్వాత దాచిన పాపం. దావీదు విషయంలో ఉన్నది ఇదే. 32వ కీర్తనలో మౌనంగా ఉన్నంతకాలం తన ఎముకలు క్షీణించాయంటాడు. దీనికి మందు ఒప్పుకోలు, అవసరమైనచోట సర్దుబాటు. జక్కయ్య యేసును సంతోషంతో ఇంట్లో చేర్చుకున్నాడు, ఆ సంతోషం లెక్కల్లోకి దిగింది: ఆస్తిలో సగం బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు. కట్టాల్సిన బాకీ కట్టకుండా కన్నీళ్లతో పాడటం వల్ల ఈ రకం ఎండ తగ్గదు. అయితే పాపమేదీ దొరకనివాళ్లను తవ్వి తవ్వి ఏదో ఒకటి ఒప్పించడం యోబు స్నేహితులు చేసిన పొరపాటు.

మూడోది, వార్త సరిగ్గా అందకపోవడం. నెహెమ్యా 8లో దీనికి ఒక పద్ధతే కనిపిస్తుంది. ఏడో నెల మొదటి రోజు, నీటి గుమ్మం ఎదుట, ఎజ్రా ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా ధర్మశాస్త్రం చదివాడు. లేవీయులు జనంలో తిరుగుతూ అర్థం విప్పి చెప్పారు. విన్నవాళ్లు ఏడ్చారు. అప్పుడు, ఏడవవద్దు, "యెహోవాయందు ఆనందించుటవలన" బలం పొందుతారు అని చెప్పి పంపారు. ఇళ్లకు వెళ్లి తిన్నారు, తాగారు, ఏమీ సిద్ధం చేసుకోనివాళ్లకు వంతులు పంపారు. పన్నెండో వచనం కారణం కూడా చెబుతుంది: తమకు చెప్పిన మాటలను వాళ్లు గ్రహించారు. చదవడం, విప్పి చెప్పడం, అర్థమవడం, దుఃఖం, ఆనందం, పక్కవాడికి వంతు. ఆ రోజు ఆనందం అర్థమవడంలోంచి వచ్చింది. పైగా వంటగది దాకా వెళ్లింది. మాసిదోనియ సంఘాలు నిరుపేదరికంలో ఉండి కూడా అత్యధిక సంతోషంతో యెరూషలేము పేదలకు చందా ఇచ్చాయని రెండో కొరింథీ పత్రిక 8లో పౌలు చెప్పేదీ ఇదే తోవ. పక్కవాడికి వంతు చేరని ఆనందం మీద అనుమానపడవచ్చు.

వీటిలో ఏదీ కారణం కాకపోవచ్చు కూడా. యేసు సభ (జెస్యూట్) స్థాపకుడు ఇగ్నేషియస్ లొయోలా ఆత్మీయ సాధనల నియమాల్లో పొడిబారిన కాలానికి మూడు కారణాలు చెప్పాడు: మన నిర్లక్ష్యం, మన నమ్మకత్వానికి పరీక్ష, ఆనందం మనం తయారుచేసుకునేది కాదని తెలియజెప్పడం. ఆ కాలంలో పాటించాల్సిన నియమం సూటిగా ఉంటుంది: వెలుగున్నప్పుడు చేసుకున్న తీర్మానాలను ఇప్పుడు మార్చవద్దు. సంఘం వదిలేయడం, పరిచర్య మానేయడం, పెళ్లి సంబంధం తెంచుకోవడం లాంటి నిర్ణయాలు ఇలాంటి రోజుల్లో తీసుకుని తర్వాత బాధపడేవాళ్లను చూసేవాళ్లకు ఈ నియమం విలువ తెలుసు. ప్రార్థన మాత్రం తగ్గించకూడదు, ఇంకాస్త పెంచాలి అంటాడు.

కతోలిక సంఘం ఈ పొడి కాలాన్ని సంవత్సరచక్రంలోనే పెట్టేసింది. తపస్సు కాలం మొదలైన బూడిద బుధవారం నుంచి పూజలో హల్లెలూయ పాడరు. నాలుగో ఆదివారం మాత్రం ఊదారంగు వస్త్రాల బదులు గులాబీ రంగు వేసుకునే వీలుంది. లాతీనులో ఆ ఆదివారం పేరుకు "ఆనందించు" అని అర్థం, హల్లెలూయ మాత్రం అప్పుడూ ఉండదు. ఆరు వారాలకు పైగా ఆ మాట గుడిలో వినబడదు, పునరుత్థానం రద్దయిందని ఎవరూ అనుకోరు. పాస్క (ఈస్టర్) జాగరణ రాత్రి, పత్రిక పఠనం అయ్యాక అందరూ లేచి నిలబడతారు. గురువు హల్లెలూయ ఎత్తుకుంటాడు, జనం అందుకుంటారు. మూడుసార్లు, ప్రతిసారీ ముందటికంటే ఒక స్వరం పైకి.